16 లక్షల రూపాయల షేర్లకు నిఫ్టీ పుట్ కొనాలా?

కొత్త_మదుపరి: నా దగ్గర 16 లక్షల రూపాయల షేర్లున్నాయి, ఎక్కువగా నిఫ్టీ (50 పెద్ద కంపెనీల సూచీ) కంపెనీలవే. మార్కెట్ పడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఆప్షన్స్‌తో హెడ్జ్ చేసుకోమని, అంటే పడితే నష్టం తగ్గేలా రక్షణ పెట్టుకోమని, ఆఫీసులో అంటున్నారు. చేసుకోవచ్చా?

తెనాలి_మాస్టారు: చేసుకోవచ్చండి. పుట్ అంటే నిఫ్టీ ఒక స్థాయి కంటే ఎంత కిందికి పడితే అంత డబ్బు ఇచ్చే ఆప్షన్. నిఫ్టీ 25,000 దగ్గర, లాట్ (కొనాల్సిన కనీస పరిమాణం) 65 అనుకోండి. లాట్ విలువ 16.25 లక్షలు, మీ షేర్లకు సరిపోతుంది. నెలాఖరున ఎక్స్‌పైరీ (గడువు ముగింపు) ఉన్న 24,000 పుట్ 100 రూపాయల ప్రీమియానికి (ధరకు) దొరికితే, లాట్‌కు ఖర్చు 6,500. ఎక్స్‌పైరీకి నిఫ్టీ 22,500కు పడితే పుట్ మీద 97,500 వస్తుంది. మొదటి వెయ్యి పాయింట్ల దెబ్బ, అంటే 65,000 మాత్రం మీదే. షేర్లు నిఫ్టీతో పాటే కదిలితే, ప్రీమియంతో కలిపి 71,500 దగ్గర నష్టం ఆగుతుంది.

గోదారి_గట్టు: నెలకు 6,500 అంటే ఏడాదికి 78,000 మాస్టారూ! 5 శాతం పోయినట్టే.

పల్నాడు_పిల్లోడు: లాట్ విలువ మీద 4.8 శాతం.

తెనాలి_మాస్టారు: ప్రతి నెలా కొనమని నేనెక్కడన్నాను? 2024 జూన్ 4న, ఎన్నికల ఫలితాల రోజు, నిఫ్టీ దాదాపు 6 శాతం పడింది. అలాంటప్పుడు పనికొస్తుంది.

గోదారి_గట్టు: జూన్ 7కల్లా 3వ తేదీ ముగింపును దాటేసింది, అదీ చెప్పండి. పైగా ఫలితాల ముందు ప్రీమియంలు మండిపోయాయి. 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్) చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే చెప్పింది.

తెనాలి_మాస్టారు: అది ఎఫ్ అండ్ ఓ లాభనష్టాల లెక్క. షేర్లు పెరిగి పుట్ సున్నా అయినవాడు కూడా అందులో నష్టపోయినట్టే కనిపిస్తాడు. బండికి ఇన్సూరెన్స్ కట్టి, యాక్సిడెంట్ కాకపోతే నష్టమంటామా?

గోదారి_గట్టు: మా తమ్ముడూ పుట్‌తోనే మొదలెట్టాడు. ప్రీమియం రాబట్టుకోవాలంటే కాల్స్ (మార్కెట్ పెరిగితే అమ్మినవాడు డబ్బు కట్టాల్సిన ఆప్షన్లు) అమ్మమన్నాడు టెలిగ్రామ్‌లో ఒకడు. షేర్లు ప్లెడ్జ్ చేసి (హామీగా పెట్టి) కాల్స్ అమ్మాడు. మార్కెట్ పెరిగింది. షేర్లు లాభంలోనే ఉన్నాయి, కానీ కాల్స్ నష్టం నగదుగా కట్టాలి. మా అమ్మ గాజులు తాకట్టుకెళ్లాయి.

తెనాలి_మాస్టారు: ఉన్న షేర్లకు మించి అమ్మి ఉంటాడు. అది హెడ్జ్ కాదు. చెప్పేవాళ్లు లేకే జనం టెలిగ్రామ్‌లో పడుతున్నారు. నేను చెబుతుంటే మీరు అడ్డుపడతారేంటి?

గోదారి_గట్టు: అడ్డుపడతాను! మీ లెక్క చూసి ఎఫ్ అండ్ ఓ యాక్టివేట్ చేసుకుంటాడు. వారం వారం ఎక్స్‌పైరీ, కళ్లముందు 20 రూపాయల ఆప్షన్లు. అప్పుడు మీరు పక్కన ఉంటారా?

తెనాలి_మాస్టారు: అదీ అసలు సంగతి. ఫండ్లకు హెడ్జ్ ఉండొచ్చు, జీతగాడికి తెలివి లేదంటారు.

గోదారి_గట్టు: తెలివి మాట నేనెత్తలేదు. పడితే తట్టుకునే డబ్బు లేదంటున్నాను.

వరంగల్_లక్ష్మి: ఇంతకీ ఆ డబ్బు ఎప్పుడు కావాలి తమ్ముడూ?

కొత్త_మదుపరి: ఏప్రిల్‌లో ఫ్లాట్ రిజిస్ట్రేషన్ అక్కా. 9 లక్షలు కట్టాలి.

గోదారి_గట్టు: ముందే చెప్పాల్సింది. 9 లక్షల షేర్లు ఇప్పుడే అమ్మి ఎఫ్‌డీలో వెయ్యండి. పుట్టూ వద్దు, గిట్టూ వద్దు.

తెనాలి_మాస్టారు: సగం మార్చి 31లోపు, సగం ఏప్రిల్‌లో అమ్మితే ఏడాది దాటిన షేర్లకు 1.25 లక్షల లాభం మీద పన్ను మినహాయింపు రెండుసార్లు వస్తుంది. అప్పటిదాకా ఒక పుట్ ఉంచుకోవచ్చు.

గోదారి_గట్టు: నాలుగున్నర లక్షల కోసం 16 లక్షల లాటా?

తెనాలి_మాస్టారు: మొదటి సగం అమ్మాక అతని దగ్గర మిగిలేవి పదకొండున్నర లక్షల రూపాయల షేర్లు. సరిగ్గా చదవండి.