అప్‌డేట్: సర్కిల్ కట్టర్‌తో గుండ్రం ఇప్పుడు కలుస్తోంది

అట్టతో చేసే కార్డ్ మోడల్ రైలింజన్ చక్రాలకు 250 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకు 250 గ్రాములు తూగే) అట్టను సర్కిల్ కట్టర్‌తో, అంటే మధ్యలో సూది గుచ్చి చుట్టూ బ్లేడుతో గుండ్రంగా కోసే పనిముట్టుతో కోస్తుంటే, మొదలైన చోటికి గీత తిరిగి రావడం లేదని పోయిన నెల అడిగాను. సమాధానం చెప్పినవాళ్లందరికీ చాలా థాంక్స్.

తప్పు బ్లేడుది కాదు, సూది రంధ్రానిది. గట్టిగా నొక్కి ఒకే చుట్టులో తెంపాలని చూసేవాణ్ణి. దాంతో రంధ్రం సాగి, కేంద్రం జరిగిపోయేది. మీరు చెప్పినట్టే మధ్యలో రెండు పొరల మాస్కింగ్ టేప్ అంటించాను. కట్టర్‌ను నిటారుగా పట్టుకుని కింద అట్టనే తిప్పాను. మొదటి చుట్టుకు సన్నటి గీత మాత్రమే పడింది. నాలుగో చుట్టుకు చిన్న 'టిక్' శబ్దంతో బిళ్ల ఊడొచ్చింది. అంచు మీద వేలు పోనిస్తే ఎక్కడా మెట్టు తగల్లేదు! ఆ సంతోషం చెప్పలేను.

సూదికీ బ్లేడుకీ మధ్య దూరంలో అర మిల్లీమీటరు తేడా వస్తే వ్యాసంలో మిల్లీమీటరు తేడా అవుతుంది, అందుకే ముందు చిత్తు అట్ట మీద చూసుకుంటున్నాను. రింగులకైతే బయటి గుండ్రమే ముందు కొయ్యాలి. లోపలిది ముందు కోస్తే సూది నిలిచే చోటే ఊడిపోతుంది, రెండు అట్టలు అలాగే పాడయ్యాయి.

సెంటీమీటరు లోపు గుండ్రాలు మాత్రం ఇంకా కుదరలేదు. వాటికి గుండ్రంగా కొట్టి తీసే పంచ్ వాడుతున్నాను.