‘ఇజారు’ అన్న మాట ఎక్కడిది?

ప్రశ్న (పరకాల):
మా ఇంట్లో పెద్దవారు ప్యాంటునూ పైజామానూ కూడా ఇజారు అనే పిలిచేవారు. ఇప్పటి పిల్లలకు ఆ మాట అర్థం కావడం లేదు. ఇటీవల పాత భూమి కాగితాలు చదువుతుండగా ‘ఇజారా’, ‘ఇజారాదారు’ అన్న మాటలు కనిపించాయి. ఈ రెండింటికీ సంబంధం ఉన్నదా? తొడుక్కునే ఇజారు మన తెలుగులోకి ఏ దారిన వచ్చింది? తెలిసినవారు వివరించగలరు.

జవాబు (హన్మకొండ):
సంబంధం లేదు. రెండూ అరబీ నుంచి వచ్చినవే అయినా ధాతువులు వేరు. గుత్త అనే అర్థమిచ్చే ఇజారాను ఉర్దూలో ‘జీమ్’ అక్షరంతో రాస్తారు. తొడుక్కునే ఇజారును ‘జే’ అనే మరో అక్షరంతో రాస్తారు. పలకడంలోనూ ఆ రెండూ వేరు. తెలుగు లిపిలో రెండింటికీ ‘జ’ ఒక్కటే ఉన్నందున కాగితం మీద అవి తోబుట్టువుల వలె కనిపిస్తున్నాయి.

అసలు విశేషం అర్థం మారిన తీరులో ఉన్నది. అరబీలో ఇజార్ అంటే నడుముకు చుట్టుకునే కుట్టని బట్ట. హజ్ యాత్రలో పురుషులు ధరించే రెండు కుట్టని వస్త్రాలలో కింది దానిని నేటికీ ఇజార్ అనీ, పైదానిని రిదా అనీ అంటారు. అదే మాట పారసీలోనూ ఉర్దూలోనూ కుట్టిన కాళ్ల తొడుగుకు పేరైంది. అంటే పంచె వంటి కట్టుబట్ట పేరు, దానికి పూర్తిగా భిన్నమైన కుట్టుబట్టకు చేరిందన్నమాట. పైజామా నాడాను ఉర్దూలో ఇజార్‌బంద్ అనడం కూడా ఇందులోనిదే. నిజాం పాలన ముగిసిన 1948 వరకు కచేరీలలో ఉర్దూయే నడిచింది కనుక, ఉర్దూ చదవని ఇళ్లలోకి సైతం ఇటువంటి మాటలు సహజంగానే వచ్చి చేరాయి.

జవాబు (కరీంనగర్):
పై వివరణకు ఒక చేర్పు. కుట్టిన కాళ్ల తొడుగుకు దక్షిణాది భాషలలో సొంత పేరు లేదని ఎవరూ అనుకోరాదు. తొడల వరకు ఉండే పొట్టి లాగును తెలుగులో చల్లడము అన్నారు. కన్నడంలో అది చల్లణ, తమిళంలో చల్లడం. కోస్తా వారి పంట్లాము, ఉర్దూ వారి పత్లూన్ మాత్రం ఇంగ్లీషు పాంటలూన్ నుంచి వచ్చినవి. ఆ పేరు ఇటలీ హాస్యనాటకాలలోని పాంటలోనే అనే వెనిస్ ముసలి వర్తకుడి పాత్ర నుంచి పుట్టింది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మా ఇంట్లో మోకాళ్ల దాకా ఉంటే లాగు అనీ, మడమల దాకా ఉంటే ఇజారు అనీ తేడా పాటించేవారు. జనగామ, జగిత్యాల వైపు కూడా ఇదే తేడా ఉన్నదేమో అక్కడివారు తెలుపగలరు.