ఈ వారం సమస్య: చక్రములు కదలక సాగె శకటయాత్ర

ఛందస్సు తేటగీతి. ఇచ్చిన పాదం నాలుగోదిగా రావాలి. వస్తువు కూడా ఇస్తున్నాను: 1970లలో అమెరికాలో డ్రైవ్-ఇన్ (కారులోనే కూర్చుని చూసే ఆరుబయట సినిమాహాలు) తెరల మీద ఆడిన చవక దయ్యాల సినిమాలు, అందులోనూ రోడ్డు మీద నడిచేవి. చూడని వాళ్లు 1975 నాటి ‘రేస్ విత్ ద డెవిల్’ ఒక్కటి చూస్తే చాలు. రెండు జంటలు మోటర్‌హోమ్‌లో కొలరాడోకి స్కీయింగ్‌కని బయల్దేరి, టెక్సాస్‌లో ఏటి ఒడ్డున రాత్రిపూట నరబలి చూస్తారు. ఆ తర్వాతంతా పరుగే. పీటర్ ఫోండా, వారెన్ ఓట్స్ నటించారు.

శకటం అనగానే శకటాసురుణ్ణి పట్టుకు రావద్దని మనవి. ప్రతి సమస్యకూ కృష్ణుడు దొరుకుతాడు, తెలుసు.

మొదటి పూరణ (గుంటూరు)

తెల్లతెర ముందు నాపిన తేరులోన
స్పీక రొక్కటి కిటికీకి చేరియుండ
బస్సు పరువెత్తె తెరపైన, భయము మాకు;
చక్రములు కదలక సాగె శకటయాత్ర!

— భేష్. సమస్య ఇచ్చినప్పుడు నా మనసులో ఉన్నది ఇదే. కారులో కూర్చుని కారు ప్రయాణం చూడటం మామూలు హాల్లో కుదరదు. తెర మీద ఎవడో కిటికీ అద్దం మీద కొడితే, మన భుజం పక్కనా అద్దమే ఉంది కదా! పైగా చుట్టూ చీకటి. స్పీకర్ ఆ అద్దానికే వేలాడేది కాబట్టి అరుపు కూడా అక్కణ్ణుంచే వస్తుంది.

గణాలు, యతులు సరిపోయాయి. ‘చేరియుండ’ మాత్రం పాదం నింపడానికి వచ్చింది. మూడో పాదంలో ‘బస్సు’ నాకు నచ్చలేదు. అది బస్సు కాదండీ, పొయ్యి, మంచం ఉన్న ఇల్లు. అల్మారా తెరిస్తే లోపల తోకాడించే పాములుంటాయి! ఇలా మారిస్తే?

ఇల్లు పరువెత్తె తెరపైన నిచట మాకు

‘ఇచట మాకు’ నేరుగా నాలుగో పాదంలోకి దిగుతుంది.

రెండో పూరణ (డాలస్)

రేడియోలోన మాటలు వినబడంగ
పిల్ల లిద్దరు నిదురింప వెనుక సీట
తెరను దయ్యాలు తరుమగా తెల్లవార
చక్రములు కదలక సాగె శకటయాత్ర

— అక్కా, మొదటి పాదంలో యతి తప్పింది. ‘రే’కి ‘వి’తో మైత్రి లేదు. ‘మాటలు లెస్స వినగ’ అంటే సరి. రెండో పాదం మాత్రం ముద్దొచ్చింది. అప్పట్లో ఇంటిల్లిపాదీ వెళ్లేది అందుకేగా, పిల్లలు పడుకుంటారని.

— సరిదిద్దుకుంటాను తమ్ముడూ. మా ఊరికి దక్షిణాన ఎన్నిస్‌లో ఇప్పటికీ ఒక డ్రైవ్-ఇన్ నడుస్తోంది. మాటలు ఎఫ్‌ఎంలో వస్తాయి, అందుకే రేడియో అన్నాను. కారు ముందు చక్రాలు ఎత్తుగా నిలిపే మట్టి గట్ల గురించీ రాద్దామనుకున్నాను, పాదంలో పట్టలేదు.

— అయ్యో, అది రాయాల్సింది! 1933లో న్యూజెర్సీలో హాలింగ్స్‌హెడ్ మొదటి డ్రైవ్-ఇన్ తెరిచినప్పుడు అసలు కిటుకు ఆ గట్లే. ముందు కారు అడ్డు రాకుండా వెనకవాడికి తెర కనిపించాలి మరి.

మూడో పూరణ (రాజమండ్రి)

దారి చెప్పిన వారెల్ల దయ్యమునకు
భక్తులని యెఱుగక వారు పరువులెత్తి
అగ్నివలయాన చిక్కి రా యమపురికిని
చక్రములు కదలక సాగె శకటయాత్ర

— ధార బాగుంది. మొదటి రెండు పాదాల్లో సినిమా మొత్తం ఉంది. పెట్రోలు పోసేవాడి నుంచి షెరీఫ్ దాకా ఎవర్ని నమ్మాలో తెలియని స్థితి అది. దయ్యం ఒక్కసారీ కనబడదు, దానికి ఖర్చూ లేదు. జనం తేరిపార చూస్తే చాలు, టెన్షన్ పుడుతుంది.

ఒక్క అభ్యంతరం. చివర్లో బండి చుట్టూ మంట లేస్తుంది, మంత్రాలు వినిపిస్తాయి, సినిమా ఆగిపోతుంది. చావు చూపించరు. ‘యమపురి’ మీ సొంతం. ‘చిక్కి రా యర్ధరాత్రి’ అంటే యతీ నిలుస్తుంది.

— గురువు గారూ, యతి నిలుస్తుంది, బండి ఎక్కడికి పోయినట్టు? కొలరాడోకా?

— ...సరే, యమపురే ఉంచండి.