"ఆవుతోక పట్టు, లయ జారని..." చివరి అక్షరం ఎవరికైనా తెలుసా?

దేవరకొండ తమ్ముడు: మా ఊళ్లో కోలాటం నేర్పిన పెద్దాయన పాట ముగింపుకు వచ్చినప్పుడల్లా తాళాలు పైకెత్తి ఒక మాట అనేవాడు. "ఆవుతోక పట్టు, లయ జారని..." ఆ తర్వాత "య్యి" అన్నాడో "య్యకు" అన్నాడో గుర్తులేదు. ఎప్పుడూ కోలల చప్పుడే దాన్ని మింగేసేది. ఇప్పుడు ఆ పాటే ఇంట్లో కంప్యూటర్ మీద రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నా. "య్యి" అయితే ఆఖరి 16 దెబ్బల్లో టెంపోను, అంటే వేగాన్ని, నిమిషానికి 120 దెబ్బల నుంచి 80కి మెల్లగా దించాలి. "య్యకు" అయితే కదిలించొద్దు. ఆ ఒక్క అక్షరం చెప్పండి, పని అయిపోతుంది.

నాగర్‌కర్నూల్ మాస్టారు: "య్యకు"నే. నేర్పేవాడెవడైనా లయ జారనియ్యి అంటాడా తమ్మీ?

పాలమూరు మృదంగం: ఆవుతోక అన్నాక ఇంకా అనుమానమెందుకు? గోపుచ్ఛం. సంగీత రత్నాకరం తీయండి, 13వ శతాబ్దం. అందులో యతి అంటే లయ నడకకు పెట్టిన నియమం. మొదట విలంబం (నెమ్మది), తర్వాత మధ్యం, చివర ద్రుతం (వేగం) అయితే స్రోతోగతం. దాన్ని తిరగేస్తే గోపుచ్ఛం. అంటే వేగం తగ్గుతూ రావాలి. కాబట్టి "జారనియ్యి".

గద్వాల అక్క: సార్, నేను వీణ నేర్చుకున్నన్నాళ్లూ గోపుచ్ఛమంటే వేగమని ఎవరూ చెప్పలేదు. దీక్షితుల వారి ఆనందభైరవి కృతి మీకు తెలియంది కాదు. త్యాగరాజ యోగ వైభవం, అగరాజ యోగ వైభవం, రాజయోగ వైభవం, యోగ వైభవం, వైభవం, భవం, వం. తగ్గేది మాట పొడుగు. తాళం ఎక్కడిదక్కడే.

పాలమూరు మృదంగం: అది తర్వాత వచ్చిన అర్థం అక్కా. మీరూ రైటే, నేను కొంచెం పాత రైటు.

మిర్యాలగూడ: ఇందరు మాట్లాడారు, ఆవును చూసినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? తోక సన్నబడుతూ పోయి కొసన కుచ్చు ఉంటుంది. ఆ కుచ్చు లెక్క మీ రత్నాకరంలో ఉందా?

నాగర్‌కర్నూల్ మాస్టారు: యతి అన్నారు కాబట్టి నేనూ ఒక మాట. మా నంది వడ్డెమాన్ అంటే ఒకప్పటి వర్ధమానపురం, గోన బుద్ధారెడ్డి ఊరు. రంగనాథ రామాయణం మొత్తం ద్విపద. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. ఇంద్రగణానికి నాలుగో ఐదో మాత్రలు, సూర్యగణానికి మూడే. అంటే ప్రతి పాదం చివర సన్నబడుతుంది. నన్నడిగితే ద్విపద పాదమే ఆవుతోక. మీ మృదంగానికి తెలియకముందే మా రెడ్డిగారికి తెలుసు.

గద్వాల అక్క: పాడేటప్పుడు ఆ సూర్యగణాన్నే కదా సార్ సాగదీసేది? అప్పుడది తోక కాదు, కుచ్చు.

మిర్యాలగూడ: అదీ!

నాగర్‌కర్నూల్ మాస్టారు: సాగదీసేది పాడేవాళ్లు. రాసినాయన కాదు. ఇక రంగనాథుడెవరన్న గొడవ మాత్రం ఎవరూ ఎత్తకండి, నాకు తెల్లవారుతుంది.

కల్వకుర్తి స్టూడియో: తమ్మీ, అక్షరం సంగతి నాకు తెలియదు గానీ రీపర్‌లో టెంపో గీత సంగతి చెప్తా. 16 దెబ్బలు 120లోనే పోతే 8 సెకన్లు. కాలంతో పాటు సమానంగా 80కి దిగితే సగటు 100, అంటే 9.6 సెకన్లు. తేడా 1.6 సెకన్లే, కానీ చెవికి పెద్దగానే తెలుస్తుంది. గీత తిన్నగా ఉన్నా చెవికి తిన్నగా అనిపించదు. 120 నుంచి 100కి పోయింది ఆరో వంతు, 100 నుంచి 80కి ఐదో వంతు. 20కి 20యే, అయినా చివర ఎక్కువ లాగినట్టుంటుంది. ఇంకోటి, కంప్యూటర్ వాయించే మిడి నోట్లు టెంపో వెంట వాటంతటవే పోతాయి. రికార్డు చేసిన కోలల ఆడియో పోవాలంటే ఆ ఆడియో ముక్క (ఐటెం) సెకన్లకు కాకుండా దెబ్బలకు కట్టుబడేలా దాని టైమ్‌బేస్ బీట్స్ మీద ఉండాలి. లేకపోతే గొంతు ఒక దారి, డప్పు ఒక దారి.

పాలమూరు మృదంగం: క్యూబేస్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో టెంపో మార్చడానికి జంప్ (ఒక్కసారిగా), రాంప్ (మెల్లగా) అని రెండు ఉంటాయట. మన మొదటి కాలం, రెండో కాలం జంప్. ఒక్కసారిగా రెట్టింపు. కోలాటం రాంప్. ఈ రాంప్‌కు తెలుగులో "జారు" అంటే ఎలా ఉంటుంది?

గద్వాల అక్క: జారు మాకు గమకం, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం. దాని జోలికి రాకండి.

మిర్యాలగూడ: టెంపో అంటే మా దగ్గర బత్తాయిలు వేసే బండి.

గద్వాల అక్క: ఇటాలియన్‌లో టెంపో అంటే కాలమే. మనమూ వేగాన్ని కాలమనే అంటాం. ఇది ఎవరూ పట్టించుకోరు.

(ఎవరూ పట్టించుకోలేదు.)

కల్వకుర్తి స్టూడియో: పెద్దాయన ఆడించిన వీడియో ఏమన్నా ఉందా? ఉంటే పాటను గీతకు వంచకు, గీతనే పాటకు వంచు. నాలుగు దెబ్బలకొక టెంపో మార్కర్ పెట్టుకుంటూ పో, ఆయన లయ ఎటు పోయిందో అదే చూపిస్తుంది.

దేవరకొండ తమ్ముడు: మా బావ దగ్గర పాత ఫోన్ వీడియో దొరికింది. రెండు రాత్రులు మార్కర్లు పెట్టా. పాట 96 దగ్గర మొదలైంది. ఎక్కడా దిగలేదు, ఎక్కుతూ ఎక్కుతూ 132 దాకా పోయింది. ఆఖరి నాలుగు దెబ్బలు మాత్రం ఒక్కసారి 90కి పడ్డాయి.

పాలమూరు మృదంగం: ఎక్కితే అది స్రోతోగతం. పెద్దాయన పేరు తప్పు పెట్టాడు.

మిర్యాలగూడ: కుచ్చు! ఆ నాలుగు దెబ్బలు కుచ్చు!

నాగర్‌కర్నూల్ మాస్టారు: మూడైతే సూర్యగణం అనేవాణ్ని. నాలుగంటున్నావు. మళ్లీ లెక్కపెట్టు తమ్మీ.

గద్వాల అక్క: ఆ మాట వినిపించిందా?

దేవరకొండ తమ్ముడు: "జారని" దాకా స్పష్టంగా ఉందక్కా. సరిగ్గా అక్కడే కోలలు పడ్డాయి.