తోలు పర్సు అంచు నున్నగ వస్తలేదు, కుట్టు వంకర పోతుంది

అన్నా, మాది హన్మకొండ. మూడు నెలల సంది ఇంట్ల తోలు పని నేర్చుకుంటున్న. చెప్పుల సామాను దుకాణంల ముక్క తెచ్చి పర్సు కుట్టిన. తడిచేసి ఎంత రుద్దినా అంచు పీచు పీచే. కుట్టు ముందు మంచిగుంది, వెనక పాము లెక్క పోయింది. మా అమ్మ ‘పల్లీలు పోసుకునే సంచా?’ అన్నది.

జవాబు, కరీంనగర్ నుంచి:
ముక్క అడ్డం కోసి చూడు తమ్మీ. నడుమ నీలం కలిసిన బూడిద రంగుంటే అది క్రోమ్ తోలు, అంటే క్రోమియం ఉప్పులతోటి పదును చేసింది. దాని అంచు రుద్దితే మెరవదు, అచ్చు కొట్టినా నిలవదు. చెట్టు బెరడుతోటి పదును చేసిన తోలు అడుగు. వెనకట లందలల్ల, అంటే తోలు నానబెట్టే తొట్లల్ల, తంగేడు చెక్కనే వాడేటోళ్లు, బతుకమ్మల పెట్టే తంగేడే. పర్సుకు 1 మిల్లీమీటరు మందం చాలు, బెల్టుకయితే 3 నుంచి 4.

జవాబు, కాజీపేట నుంచి:
నాదీ మొదట్ల గట్లనే అయింది. చెప్పులు కుట్టే పెద్దాయన నా చెయ్యి పట్టి చూపెట్టిండు: ఆరె, అంటే తోలుకు బొక్క పొడిచే మొన, కొంచెం వాలినా వెనక బొక్క పక్కకు వడ్తది. కింద మెత్తటి చెక్క పెట్టి నిటారుగ పొడువు. దారం కుట్టు పొడవుకు 4 రెట్లు తీసుకో, తేనెమైనం రాయి, రెండు కొసలకు రెండు సూదులు. ప్రతి బొక్కల ముందు అదే చేతి సూది పోవాలె. నడుమ మార్చినవో, మళ్ల పామే.

హన్మకొండ:
కోసి చూసిన అన్నా. నీలమే.