పరుగు పోటీకి కొడుకు వయసు తగ్గించమంటున్నరు, ఏం జేయాలె?

అందరికీ వందనాలు. మాది జడ్చర్ల దగ్గర పల్లె, ఆటో నడుపుత. మా పెద్దోడు 400 మీటర్లు ఉరుకుతడు. రోజూ పొద్దున అయిదింటికే గ్రౌండ్ల ఉంటడు, ఆదివారం మాత్రం నాతోని చర్చికొస్తడు. ఇప్పుడు అండర్-14 మీట్ ఉన్నది. మావోనికి 40 రోజులు ఎక్కువైనయి. "పుట్టిన తారీఖు మార్చి సర్టిఫికెట్ తెప్పించు, అందరూ జేసేదే" అన్నడు కోచ్ సార్. మెడల్ వస్తే స్పోర్ట్స్ హాస్టల్ల సీటుకు పనికొస్తదట.

రాత్రి అన్నం తినుకుంట పిలగాడు "గట్ల ఉరికేటప్పుడు ప్రార్థన జేస్కోవచ్చా నాయినా?" అని అడిగిండు. నాకు ముద్ద దిగలే. 22 ఏండ్ల కింద నేను గూడ కబడ్డీల ఒక ఏడు తగ్గించుకొనే ఆడిన. ఆ సర్టిఫికెట్ సందుకల అడుగున ఉన్నది. ఇయ్యాల్టిదాక వానికి చూపియ్యలే. ఇప్పుడు ఏ మొఖం పెట్టుకొని వద్దని చెప్పాలె?

వనపర్తి నుంచి:
అన్నా, తప్పుగా అనుకోకు. భక్తి వేరు, ఆట వేరు. పైసలున్నోళ్లు అకాడమీలకు పంపుకుంటరు, మనకు ఆ సీటే దిక్కు. 40 రోజులకు దేవుడు ఏమనడు.

నల్లగొండ నుంచి, రిటైర్డ్ పీఈటీ:
అనుమానం వస్తే మణికట్టుకు ఎక్స్‌రే తీసి ఎముకల ఎదుగుదల చూస్తారు. దొరికితే నిషేధం. అదొక్కటే అయితే నేను రాసేవాణ్ని కాదు. ట్రాక్ మీద ఉండేవి ఎనిమిది లేన్లు. మీవాడు ఒకదాంట్లో నిలబడితే పద్నాలుగు నిండని పిల్లవాడొకడు బయటికి పోతాడు. వాడిదీ ఆటో నడిపే ఇల్లే కావచ్చు. ఈ వయసులో ఆరు నెలలు ముందు ఎదిగినోడిదే గెలుపు. అట్లా గెలిచి, తోటివాళ్లు అందుకోగానే ఆట మానేసిన పిల్లల్ని చాలామందిని చూశాను. అండర్-17లో పెద్దవాళ్లతోనే పరుగెత్తనివ్వండి. మొదటి 200లోనే బలమంతా ఖర్చుచేయకుండా, చివరి 100లో భుజాలు బిగబట్టకుండా నేర్చుకుంటాడు. రెండేళ్లు ఓడిపోనివ్వండి.

దేవరకొండ నుంచి, సండే స్కూల్ టీచర్:
అన్నయ్యా, వందనాలు. మా పిల్లలకు ఎరిక్ లిడెల్ గురించి చెప్తుంటాను. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ (తొలి రౌండ్ పరుగులు) ఆదివారం పడ్డాయని ఆ పరుగే వదులుకున్నాడు. మీ బాబు ఉరికే 400లో 47.6 సెకన్లకు బంగారు పతకం గెలిచాడు. వదులుకున్నదానికి దేవుడిచ్చిన బదులు అంటారు చాలామంది. నేనట్లా చెప్పను. తేదీలు నెలల ముందే తెలుసు కాబట్టి ఆయన 400కి కష్టపడి తయారయ్యాడు. 100 మాత్రం పోయింది పోయినట్టే. తర్వాత చైనాలో మిషనరీగా పనిచేసి, 1945లో జపాన్ వాళ్ల నిర్బంధ శిబిరంలో చనిపోయాడు.

బైబిల్లో తిమోతికి రాసిన రెండో పత్రిక 2:5లో, నియమం ప్రకారం పోరాడని జెట్టికి (మల్లయోధుడికి) కిరీటం దొరకదని పౌలు చెప్పింది బాబుతో కలిసి చదవండి. సందుకలో కాగితం కూడా చూపించండి. మా నాన్న ఇట్లాంటిదొకటి నాతో ఒప్పుకున్నప్పుడు నాకు పదహారేళ్లు. ఆ తర్వాత ఆయన దగ్గర ఏదీ దాచాలనిపించలేదు నాకు.

అడిగినాయన:
వనపర్తి తమ్మీ, నీ మీద కోపం లేదు. వారం దినాలు నేనూ గట్లనే అనుకున్న. నిన్న రాత్రి సందుక దీసి చూపిచ్చిన. వాడు ఆ సర్టిఫికెట్, నా పదోతరగతి మెమో పక్కపక్కన వెట్టి తారీఖులు చూసిండు. "నీ వల్ల ఎవరికన్న చోటు పోయిందా నాయినా?" అన్నడు. పోయింది. మా ఊరోడే, నాకంటె చిన్నోడు, ఇప్పుడు మేస్త్రీ పని జేస్తడు. పొద్దున కోచ్ సార్‌కు సర్టిఫికెట్ తేనని చెప్పిన, అండర్-17ల పేరు రాసుకున్నడు. సాయంత్రం ఆ మేస్త్రీ ఇంటికి పోతున్న. మావోడు గూడ వస్తనంటుండు.