సమస్యాపూరణం: "నిండినట్టి వరుస నిలువదాయె"

రెండు నెలలుగా ఇంట్లో చెక్కతో టెట్రిస్ కడుతున్నాను: పైనుంచి జారే పలకలను సందు లేకుండా పేర్చే కంప్యూటర్ ఆట అది; వరుస నిండితే మాయమై, పైవి కిందికి దిగుతాయి. కరెంటు లేదు, చిప్ లేదు. 1984లో మాస్కోలో అలెక్సీ పాజిట్నోవ్ ఈ ఆట రాసిన ఎలక్ట్రానికా 60 కంప్యూటర్‌కి బొమ్మలు గీయడమే రాదు. బ్రాకెట్ గుర్తులతో గళ్ళు చూపించాడు. అంత పేద యంత్రం మీద నిలబడ్డ ఆట చెక్క మీద ఎందుకు నిలబడదు? 10 గళ్ళ వెడల్పు, 20 వరుసల ఎత్తు; గడి నిండితే దాన్ని తిప్పి గుర్తు చూపిస్తాను. నిండిన వరుసను మాయం చేయడం దగ్గరే ఆగిపోయాను. అందుకే ఈ ఆటవెలది పాదం ఇస్తున్నాను; మిగతా మూడు పాదాల్లో ఉపాయం చెప్పి పూరించండి. ఒక్కో పూరణ కింద నా మాట ఉంటుంది.

పూరణ 1

మాస్కొ నగరమందు మలచిన యాటలో
పైన నుండి జారు పలక లన్ని
సందు లేక చేర్చి చదును చేసితి గాని
నిండినట్టి వరుస నిలువదాయె

ధార బాగుందమ్మా. స-చ యతి చక్కగా పడింది. అయితే వరుస ఎందుకు నిలవలేదో చెప్పలేదు. ఆట తెలియనివారికి చిక్కు చిక్కుగానే ఉంది.

పూరణ 2

పదియు గళ్ళు తిరుగ పట్టు వీడెను మీట
చీల జారి గాడి చేరుకొనెను
తాడు లాగినంత తలుపులా వాలుచు
నిండినట్టి వరుస నిలువదాయె

"తిరుగఁ బట్టు" అనాలండీ, ద్రుతం (న-కారం) మీది "ప" సరళమై "బ" అవుతుంది. ప-బలకు యతి చెల్లుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. భావం మాత్రం తాళంకప్పే: లోపలి మీటలన్నీ ఒకే మట్టానికి వస్తేనే గడియ కదులుతుంది. రాత్రి అట్టముక్కలతో చేసి చూశాను. తొమ్మిది గళ్ళు తిప్పితే చీల కదల్లేదు, పదోది తిప్పగానే టక్‌మని పడింది! మరి పై వరుసలు దిగేదెలా?

పూరణ 3

సొరుగు లాగి పైన చొప్పించి వదలగా
మీది వన్ని దిగెను మెట్టు మెట్టు
బరువె పనిని జేసె పళ్ళచక్రము లేల
నిండినట్టి వరుస నిలువదాయె

బాబాయిగారూ, దండం. ఒక్కో గడి గుర్తును కింది వరుసకు మోయాలని నేను తంటాలు పడుతుంటే, మీరు వరుసనే సొరుగు చేశారు! నిండినదాన్ని లాగి, గళ్ళు వెనక్కి తిప్పి, పైన దూర్చడం; మిగతావి వాటి బరువుతో అవే దిగుతాయి. ఒక్క సవరణ: "మెట్టు మెట్టు" అంటే చాలా మెట్లు దిగినట్టుంది. "మెట్టొకటియె" అంటే గణమూ యతీ రెండూ నిలుస్తాయి.

బాబాయిగారి జవాబు: సవరణ బాగుంది నాయనా, అలాగే ఉంచు. గాడులకు మాత్రం కొవ్వొత్తి రుద్దు. వానాకాలం చెక్క ఉబ్బితే బరువొక్కటే చాలదు.